వేపనూనె వాసన వేసే గొర్రెపిల్ల

మూడో తుడుపు, మొదట్లో

కాలనీ పిల్లలకు బొమ్మలు పంచే వసుంధర మేడం రాయమన్నారు. "నోరు విప్పవు కదా మారెక్కా, ఐదు దాకా చదివినావంట, రాసైనా పెట్టు. బొమ్మ వచ్చినాక ఇంట్లో ఏం జరిగితే అది రాయి. నాకు చూపించక్కర్లేదు, నీకోసమే" అన్నారు. నేను తల ఊపాను. ఆమె బండెక్కేదాకా ఊపుతూనే ఉన్నాను.

బొమ్మ గొర్రెపిల్ల. తెల్లటి బొచ్చు, నల్ల ముఖం, కడుపు నిండా దూది, ముక్కు మీద చిన్న దీపం. మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ కాలనీలో ఒకటి ఇస్తున్నారు. మా పాప ఉలిగికి పోయిన తుడుపులో మూడేళ్ళు నిండాయి. ఇక్కడ మేం వారాలు లెక్కపెట్టం. ఎండతో కరెంటు చేసే ఈ చేనంతా ఒకసారి అద్దాలు తుడవడం పూర్తయితే అది ఒక తుడుపు. ఉగాది నుంచి మళ్ళీ ఒకటో తుడుపు.

గొర్రెపిల్లను చూసి మా అత్త దాని మూతి తెరవబోయింది. ఆమె చిన్నప్పటి నుంచీ గొర్రెలు కాసిన మనిషి. ఈ నేల మీద అద్దాలు పరిచాక మంద పోయింది గానీ ఆమె చేతులు మారలేదు.

"పండ్లు లేవు కదమ్మే దీనికి. ఎన్నెల్ల పిల్ల అని సెప్పుకోవాల?"

"బొమ్మ అవ్వా అది" అన్నారు మేడం.

"బొమ్మైతే మాత్రం ఈడు ఉండదా?"

గొర్రెపిల్ల కడుపు మీద తడితే "ఉలిగీ, వచ్చావా?" అంటుంది. ఎవరు తట్టినా దానికి ఉలిగే. తర్వాత పాట పాడుతుంది, రంగులు చెబుతుంది, అ ఆలు చెబుతుంది. ఉలిగి మాట సరిగ్గా పలికితే "శభాష్" అంటుంది. పెద్దవాళ్ళకు మాత్రం జవాబివ్వదు. కానీ వింటుందట. ఇంట్లో పిల్ల చెవిన ఎన్ని మాటలు పడుతున్నాయో అదే చూసుకుంటుందట. చాలినన్ని పడితే ముక్కు ఆకుపచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. వరసగా మూడు తుడుపులు ఎరుపే ఉంటే పిల్లను టౌనులో మాటల బడికి తీసుకుపోతారు. ఒకటో తరగతి ఈడు వచ్చేదాకా అక్కడే ఉంచుతారు.

ఈ మాట చెబుతున్నప్పుడు మేడం నా ముఖమే చూశారు.

మూడో తుడుపు, సగం దాటాక

ముక్కు పసుపు రంగుకు వచ్చింది.

నేను పుట్టింట్లోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. ఇక్కడికి వచ్చాక అసలు అవసరమే పడలేదు. బయటికి పోతే మూతిగుడ్డ కట్టుకోవాల్సిందే. అది తీసి మాట్లాడితే పళ్ళ మధ్య ఇసక కరకరమంటుంది. అందుకని అద్దాల చేలో పనిచేసే వాళ్ళం చేతులతోనే మాట్లాడుకుంటాం. బొటనవేలు గొంతుకు ఆనిస్తే నీళ్ళు. అరచెయ్యి బోర్లించి అలలాగా ఆడిస్తే దుమ్ము వస్తోందని. దుమ్ములో మనిషికి మనిషి కనపడకపోతే అద్దం నిలబడిన ఇనపకాలు మీద రెండు దెబ్బలు కొడతాం, ఎవరైనా ఉన్నారా అని. పక్క వరసలో ఎవరైనా ఉంటే తిరిగి రెండు దెబ్బలు వినిపిస్తాయి. ఉన్నాను అని.

ఇంటికి వచ్చినా చేతులు ఆ అలవాటు మానవు. ఉలిగికి పాలు తాగే నాటి నుంచే చేతిమాటలు వచ్చు. బుగ్గలు ఉబ్బించి జేజి వైపు, అంటే మా అత్త వైపు, వేలు చూపిస్తే, జేజి గుర్రు పెడుతోందని. మా ఆయన అద్దాలు తుడిచే బ్రష్షుబండి తోలుతాడు. చేను ఆ కొసకు పోతే తుడుపు అయ్యేదాకా రాడు. వచ్చిన పూట తండ్రీకూతుళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని చేతులతో ఎంతసేపు మాట్లాడుకుంటారో. ఇల్లంతా మాటలే. చప్పుడే ఉండదు.

గొర్రెపిల్లకు చెవులు ఉన్నాయి. కళ్ళు గాజు గుండీలు.

నాలుగో తుడుపు, దుమ్ముగాలి తర్వాత

గాలి లేచి రెండు రోజులు తలుపు తీయలేదు. కిటికీ సందులకు తడిగుడ్డలు కుక్కినా అన్నంలో, పక్కలో, ఉలిగి తలలో దుమ్మే. గాలి తగ్గాక గొర్రెపిల్ల తనంతట తానే మాట్లాడింది.

"నాకు సరిగ్గా వినపడటం లేదు. దయచేసి నా చెవులు శుభ్రం చేయండి."

అప్పుడే నేను అద్దాల దగ్గరికి బయలుదేరుతున్నాను. అత్త దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఒక చెవి ఎత్తి చూసింది, రెండో చెవి ఎత్తి చూసింది.

"పాపం, సెవులు పోటు పెడతాండాయి దీనికి" అంది.

ఉలిగి తన చెవి పట్టుకుని ఏడుపు ముఖం పెట్టింది.

"ఊరుకో బంగారూ. జేజి లేదా? ఎన్ని పిల్లలకు సెయ్యలేదు నేను."

సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లంతా వేపనూనె వాసన. మందలో పిల్లల చెవుల్లో పిడుదులు పట్టకుండా ఆమె వేపనూనె వెచ్చచేసి పోసేదట, దూది చుట్టిన పుల్లతో లోపల తుడిచేదట. మా ఆయనకు చిన్నప్పుడు చెవిపోటు వచ్చినా అదే మందు. గొర్రెపిల్ల చెవుల చుట్టూ బొచ్చు నూనెకు అంటుకుపోయి ఉంది. మళ్ళీ దుమ్ము పోకుండా రెండు చెవుల్లోనూ దూది పెట్టింది. ఉలిగి దాని మెడలో ముఖం దూర్చి వాసన పీలుస్తూ నవ్వుతోంది.

ఆ తర్వాత గొర్రెపిల్ల మళ్ళీ వినపడలేదని అనలేదు.

"సూసినావా, ఒక్క పూటలో నయమాయ" అంది అత్త.

నాలుగో తుడుపు, ఆఖరు

మేడం వచ్చి పసుపు దీపం చూసి పెదవి విరిచారు. "పసుపు తర్వాత ఏమొస్తుందో తెల్సు కదా మారెక్కా" అన్నారు. మా ఆయన ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. ఆమె పోయాక నా పక్కన కూర్చున్నాడు.

"ఏమే, మాట్లాడు మరి."

"ఏం మాట్లాడాల మామా?"

"ఏదో ఒగటి. బియ్యంలో రాళ్ళు ఏరతాండా అను. పొయ్యి ఊదతాండా అను. మా మామ పనికిమాలినోడు అను."

నాకు నవ్వు వచ్చింది. అతను గొర్రెపిల్ల దగ్గరికి వంగి, "ఇన్నావా, నవ్వింది. నవ్వును గూడ లెక్కలో ఏసుకో" అన్నాడు.

ఆ రోజు నుంచి మొదలుపెట్టాను. మొదట్లో ఇంట్లో ఎవరో కొత్త మనిషి కూర్చుని వింటున్నట్టు ఉండేది. గొర్రెపిల్లకు వీపు పెట్టి కూర్చుని ఉలిగికి చెప్పాను. ఇది గరిటె. ఇది గరిటె కాడ. నీళ్ళ ట్యాంకరు వచ్చింది, బిందె పెట్టాను, సగమే నిండింది. మా అమ్మ ఇంటి ముందర ఒక కుక్క ఉండేది, దానికి ఒక చెవి నిలబడేది, ఒక చెవి వాలిపోయేది. ఉలిగి నా పెదాల మీద చెయ్యి పెట్టి చూసింది, ఇవి ఎప్పుడు నేర్చుకున్నాయి అన్నట్టు.

ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు నేను. దవడలు నొప్పిపుట్టాయి.

ఐదో తుడుపు

ఎరుపు.

తప్పు చూశానేమో అనుకుని ముక్కును చీరకొంగుతో తుడిచాను. ఎరుపే.

మరింత మాట్లాడాను. పొద్దున లేచింది మొదలు, పనికి పోయేదాకా, పని నుంచి వచ్చాక ఉలిగి నిద్రపోయేదాకా. అత్త కూడా అందుకుంది. మందను తోలుకుని ఏ వాగు దాటారో, ఏ గుట్ట నీడన పడుకున్నారో, తోడేలు వస్తే కుక్కలు ఎట్లా నిలబడ్డాయో చెప్పింది. ఇన్నేళ్ళలో నాకే తెలియని కథలు. మా ఆయన వచ్చిన పూట బ్రష్షుబండి చప్పుళ్ళన్నీ నోటితో చేశాడు.

పొద్దు వాలాక, దీపం పెట్టే వేళకు, గొర్రెపిల్ల అడిగింది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

ముగ్గురం దాని ముందరే ఉన్నాం. అత్త కథ మధ్యలో ఆగిపోయింది.

"ఏమే దీనికి? మేం మనుసులం గామా?"

ఉలిగి ఏ మాట చెప్పినా అది ఇప్పుడు శభాష్ అనడం లేదు. ఉలిగి దాని పాదం నొక్కితే పాట, కడుపు తడితే పలకరింపు, అంతే. పిల్ల మాట ఏమన్నా చెడిందేమోనని నేను చెవి పెట్టి విన్నాను. నాకు బాగానే వినిపించింది.

ఆరో తుడుపు

ఎరుపే.

ఎందుకో నాకు తెలిసింది అనుకున్నాను. గొర్రెపిల్ల పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. మేం మాట్లాడేది దానికి మాటగా లెక్కకు రావడం లేదు కాబోలు. నా పాత ఐదో తరగతి వాచకం పెట్టె అడుగున ఉంది. దాన్ని తీసి ఉలిగిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠాలన్నీ పైకి చదివాను. "వర్షము కురియుచున్నది. రైతు సంతోషించెను." ఉలిగి వాన చూసింది రెండుసార్లే. రైతు అంటే ఏమని చేత్తో అడిగింది. నేను చేత్తో జవాబు చెప్పబోయి, ఆపుకుని, నోటితో చెప్పాను. చేతులు ఒళ్ళోనే పెట్టుకోమని నేర్పాను. మొదటిసారి దాని వేళ్ళు పట్టుకుని కిందికి దించినప్పుడు అది నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంది గొర్రెపిల్ల, వాచకం అయిపోయేసరికి.

మేడం దగ్గరికి మా ఆయనతో కలిసి వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సింది నోట్లో తిప్పుకుంటూ వెళ్ళాను. రోజంతా మాట్లాడుతున్నాం మేడం, బొమ్మ ఒకసారి చూడండి, అని. అక్కడ బల్ల ముందు నిలబడగానే నా నాలుక అంగిలికి అంటుకుపోయింది.

"మాట్లాడతాంది మేడం, పగలంతా" అన్నాడు మా ఆయన. "మా అమ్మ గూడ. నేను గూడ."

మేడం తెర మీద ఏదో చూశారు. "బొమ్మ బాగుందనే చూపిస్తోందప్పా. ఛార్జింగు బాగుంది. పాప తడితే పలుకుతోంది. వినపడకపోతే అదే చెప్తుంది, చెవులు శుభ్రం చేయమని. చెప్పిందా?"

"ఎప్పుడో దుమ్ముగాలికి చెప్పింది. శుభ్రం చేసినాం. మళ్ళ చెప్పలేదు."

"మరి?" అని నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు మారెక్కా. ఇంట్లో మాట్లాడుతున్నావా?"

నేను తల ఊపాను.

"చూశావా" అన్నారు మా ఆయనతో, మెల్లగానే.

ఏడో తుడుపు, ఆఖరు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడం వచ్చారు. వెంట బొమ్మలు బాగుచేసే ఖాజా అన్న వచ్చాడు, వ్యాను నిండా గొర్రెపిల్లలతో. ఆర్డరు వచ్చిందట. రేపు ఉలిగిని తీసుకుపోతారు, పాత బొమ్మ అప్పగించాలి. అత్త ట్యాంకరు దగ్గరికి నీళ్ళకు పోయి ఉంది. ఖాజా అన్న గొర్రెపిల్లను చేతిలోకి తీసుకుని ముక్కు ఎగబీల్చాడు.

"ఇదేందిది, వేపపుల్లతో పండ్లు తోమించినారా దీనికి?"

చెవి తిప్పాడు. జిడ్డుకు పెచ్చులు కట్టిన దూది లాగాడు. చిన్న పట్టకారుతో లోపలిది బయటికి తీశాడు. గోరంత బిళ్ళ, అది వినేది దానితోనేనట. దాని మీద నూనె, దుమ్ము కలిసి మట్టి పూసినట్టు గట్టిగా ఉంది. రెండో చెవిలోనూ అంతే.

"మేడం" అన్నాడు. గొంతు తగ్గింది. "ఇది చెవిటిదై శానా దినాలైంది. దుమ్మైతే గరగరమంటాది, గరగర వింటే దుమ్మని చెప్తాది. ఇది పూర్తిగా మూసకపోయింది. దీనికి నిశ్శబ్దం మాదిరే. ఇంట్లో మనుషులు లేరు అనుకుంటాది."

మా ఆయన ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని మేడం ముందు చాపాడు.

"అయితే ఆర్డరు కొట్టేయండి మేడం" అన్నాడు.

మేడం ముఖం చూస్తే ఆమె మీద కోపం రాలేదు నాకు. "నా చేతిలో ఉంటే ఈ నిమిషం కొట్టేస్తాను. మూడు ఎరుపులు పడితే ఆర్డరు దానంతటదే పుడుతుంది. ఎవరూ సంతకం పెట్టరు, ఎవరూ తీసేయలేరు. అర్జీ పెట్టొచ్చు, పాప అక్కడ చేరాకే తీసుకుంటారు. వచ్చే ఉగాదికి చూస్తారు." ఫోను తీశారు. "ఒక్కటి చేయగలను. పైన ఒకాయన నాకు తెలుసు. ఈ ఇంట్లో మాటలు ఉన్నాయని ఆయన చెవిన పడితే ఆపడానికి ఏమైనా దారి చూస్తాడేమో. మారెక్కా, పాపతో రోజూ ఎట్లా మాట్లాడతావో అట్లా మాట్లాడు. నేను ఫోను పట్టుకుంటాను."

ఫోను నా ముఖం దగ్గరికి వచ్చింది. అవతల ఎవరో మగమనిషి దగ్గాడు. "ఊఁ, కానివ్వండమ్మా" అన్నాడు.

గరిటె అందామనుకున్నాను. గరిటె కాడ అందామనుకున్నాను. కుక్క ఉంది, వాలిన చెవి ఉంది, అన్నీ గొంతులోనే ఉన్నాయి. ఉలిగి నా ముందర నిలబడి నా ముఖం చూస్తోంది. ఎప్పుడు లేచిందో నా చెయ్యి లేచింది. భయంగా ఉందా అని అడిగింది.

అన్ని రోజులు ఒళ్ళో దాచుకున్న ఉలిగి చేతులు కూడా ఒక్కసారిగా లేచాయి. లేదంది. అన్నం ఎప్పుడు అంది. గొర్రెపిల్ల చెవి ఎందుకు పీకారు అంది. మేడం వైపు వేలు చూపించి నాలుగు వేళ్ళూ బొటనవేలూ టపటపా ఆడించింది, ఈమె నోరు మూతపడదేం అని. నవ్వింది. నాకూ నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. చెప్పాను. అది చెప్పింది. నేను చెప్పాను.

"మాట్లాడుకుంటాండారు మేడం" అన్నాడు ఖాజా అన్న. "చూడండి. ఎంత మాట్లాడుకుంటాండారో."

"ఫోన్లో చెయ్యి వినపడదు ఖాజా" అన్నారు మేడం.

అవతలి మనిషి, "ఏమీ రావట్లేదమ్మా" అన్నాడు. ఇంకాసేపు చూసి ఫోను పెట్టేశాడు.

అప్పుడు అత్త బిందెతో వచ్చింది. అందరి ముఖాలూ చూసింది. విప్పి పెట్టిన గొర్రెపిల్లను చూసింది. బిందె దించి ఖాజా అన్నను అడిగింది.

"ఏమాయప్పా దాని సెవులకు?"

అతను నా వైపు చూశాడు.

"దుమ్ము, అత్తా" అన్నాను.

అందరి ముందర ఆ పూట నా నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

అదే తుడుపు, మరునాడు

వ్యాను దగ్గర ఉలిగికి కొత్త గొర్రెపిల్లను ఇచ్చారు. తెల్లగా, పొడిగా ఉంది. ఉలిగి దాని మెడ వాసన చూసి తిరిగి ఇచ్చేసింది. పాతదాన్నే కరుచుకుంది. చెవిటి బొమ్మను బడిలోకి రానివ్వరట. మేడం ఒక్కో వేలూ విడదీసి తీసుకుని నా చేతికి ఇచ్చారు. పట్టుకుపోయినా పారేసేదే కదా అని ఖాజా అన్న తన లెక్కల్లో బొమ్మ పోయినట్టు రాసుకున్నాడు.

ఉలిగిని లోపల కూర్చోబెట్టి కిటికీ అద్దం ఎత్తేశారు. ఉలిగి అద్దం మీద రెండుసార్లు కొట్టింది. నేను వ్యాను తలుపు మీద రెండుసార్లు కొట్టాను. వ్యాను కదిలింది. మళ్ళీ కొట్టింది. నా చేతికి తలుపు అందలేదు.

తొమ్మిదో తుడుపు

అర్జీ పెట్టాం. మా ఆయన వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టాడు, పోయిన తుడుపంతా బండి మీద కూర్చుని నేర్చుకున్నాడు.

తుడుపుకు ఒకసారి ఫోనులో ఉలిగి గొంతు వినిపిస్తారు. "అమ్మా, నేను బాగున్నాను. నాకు ఇక్కడ చాలా బాగుంది. ధన్యవాదాలు" అంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను ఫోను వెనక వేలితో రెండుసార్లు కొట్టాను. అవతల టీచరమ్మ, "ఏదో చప్పుడు వస్తోంది, సిగ్నలు బాగోలేదు" అని పెట్టేసింది. ఉలిగికి వినిపించిందో లేదో.

అత్త ఇప్పుడు వేపనూనె సీసా ముట్టుకోవడం లేదు. ఒక పూట కందులు చెరుగుతూ చేట ఆపి అడిగింది.

"దుమ్మేనా మారెక్కా?"

"దుమ్మే అత్తా."

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత చేట ఎత్తింది.

గొర్రెపిల్లను గూట్లో పెట్టాం. ఖాజా అన్న ఆ బిళ్ళలు తిరిగి లోపల పెట్టి కుట్టి ఇచ్చాడు గానీ అవి పనిచేయవు. ఛార్జింగు అయిపోతే పెట్టవద్దనే అనుకుంటాం. ఎవరో ఒకరం పెడతాం. పొద్దు వాలాక అది అడుగుతుంది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఉండాం లేమ్మా, ఉండాం" అంటుంది అత్త, పొయ్యి దగ్గర నుంచి.

దానికి ఎట్లాగూ వినపడదు. ఈ రోజు నేను పని నుంచి వచ్చి, మూతిగుడ్డ కూడా విప్పకుండా గూటి దగ్గరికి పోయి, దాన్ని దించి ఒళ్ళో పెట్టుకున్నాను. బొచ్చులో ఇంకా వేపనూనె వాసన ఉంది. మళ్ళీ అడిగింది. ఇనపకాలు మీద కొట్టినట్టు దాని కడుపు మీద రెండుసార్లు కొట్టాను.

"ఉలిగీ, వచ్చావా?" అంది.

నేను చెయ్యి తీయలేదు.